‘ఏరు’ అంటే నీళ్ళు: ఆరు నిమిషాల సినిమాకు నాలుగు నెలల తయారీ

(ఆదివాసీ డిగ్రీ విద్యార్థుల కోసం పెట్టుకున్న రెండు రోజుల షార్ట్ ఫిల్మ్ శిక్షణలో మొదటి రోజు పొద్దున మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగారు కాబట్టి రాసి పెడుతున్నాను. మాట్లాడినదాన్ని పెద్దగా మార్చలేదు.)



నేను హాల్లోకి వచ్చేసరికే ఇద్దరు తమ్ముళ్ళు బయట నిలబడి కొండ మీద పొగమంచును ఫోన్లో తీస్తున్నారు. తీసుకోండి, తప్పేం లేదు. కానీ ఈ పూట మాత్రం ఫోన్లు సంచుల్లో పెట్టండి. రేపు ఎట్లాగూ వాటితోనే పని. సినిమాకు సంబంధించిన పనిలో ఎక్కువ భాగం కెమెరా బయటికి తీయకముందే అయిపోవాలి. ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా, అది కూడా ఒక మనిషిని బాధపెట్టి నేర్చుకున్నాను. దాంతోనే మొదలుపెడతాను.

డిగ్రీ రెండో సంవత్సరంలో సెలవులకు ఊరికి వచ్చాను. మా శబరి ఒడ్డున, పక్క ఊళ్ళో ఒక పెద్దావిడకు జ్వరం ముదిరింది. ఆ ఊరికి రోడ్డు లేదు. నలుగురు డోలీ కట్టి మోసుకుపోతుంటే మేం ముగ్గురం వెంట నడిచాం. నేను వాగు దాటే చోట ముందుకు ఉరికి, ఎదురుగా నిలబడి తీశాను. ఆ రాత్రే నాలుగు నిమిషాలకు కత్తిరించి, కింద ‘మా బతుకులు ఇంతేనా’ అని రాసి పెట్టేశాం. రెండు రోజుల్లో వేలమంది చూశారు. మాకు గొప్పగా అనిపించింది. అబద్ధం ఎందుకు, చాలా గొప్పగా అనిపించింది.

ఆ తర్వాత ఒక యూట్యూబ్ చానల్ దాన్ని ఎత్తుకుపోయింది. మమ్మల్ని అడగలేదు. ఏడుపు సంగీతం కలిపి, ‘అడవి మనుషులు’ అని పేరు తగిలించి వేసుకున్నారు. ఆ ముక్కను ఎవరిదో వాట్సాప్ స్టేటస్‌లో ఆమె మనవడు చూశాడు. హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న పిల్లోడు. నాకు ఫోన్ చేశాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. “అన్నా, మా అవ్వ చీర పక్కకు పోయింది. నువ్వు చూసుకోలేదా?” అన్నాడు.

నేను చూసుకోలేదు. వాగు నీళ్ళు ఫ్రేములో బాగా పడుతున్నాయా లేదా అన్నదే చూశాను.

మా దగ్గర ఉన్నది తీసేశాం. మిగతా చోట్ల తిరిగేదాన్ని ఎవరు ఆపగలరు? ఆమె కోలుకున్నాక ఊరికి పోయి, పక్కన కూర్చుని, తప్పయిందని చెప్పాను. ఆమె చుట్ట కాల్చుకుంటూ ఆ వీడియో ఏదో చూపించమంది. మొత్తం చూసింది. చూసి, “నన్ను మోసినోళ్ళు నలుగురు గదా. ఒక్కడి మొహం గూడా లేదేంరా ఇందులో?” అంది.

నిజమే. ఆ నలుగురిలో ఒకతను తన చెల్లెలి పెళ్ళి మాటలు మధ్యలో వదిలి వచ్చాడు. వెదురు కర్ర ఎవరు నరికి తెచ్చారు, ఏ మలుపు దగ్గర భుజం మార్చుకున్నారు, ఆమె మూలిగినప్పుడల్లా ఏం జోకులేసి నవ్వించారు, ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది. నా వీడియోలో ఏదీ లేదు. నేను కష్టాన్ని తీశాను గానీ మనుషుల్ని తీయలేదు.

డోలీ తీయొద్దని అంటున్నానని అనుకోకండి. తీయండి. కానీ సాక్ష్యం వేరు, సినిమా వేరు. ఊరికి రోడ్డు కావాలని అధికారులకు చూపించాలంటే తేదీ, ఊరి పేరు, ఎంత దూరం మోశారు, ఎన్ని గంటలు పట్టింది, ఇవి ఉండాలి. రోగి మొహం ఉండక్కర్లేదు. అది దరఖాస్తుకు జతచేసే కాగితం లాంటిది. సినిమా అట్లా కాదు. అందులో ఒక మనిషి ఉంటుంది, ఆమెకు ఏదో కావాలి, అది దొరకడానికి ఏదో అడ్డం ఉంటుంది. దాన్ని మనం ఆలోచించి, అడిగి, సరిచూసుకుని తయారుచేస్తాం. మేం ఆ రెంటినీ కలగాపులగం చేశాం. సాక్ష్యంగా పనికిరాలేదు, సినిమా కూడా కాలేదు.

మన గురించి వేరేవాళ్ళు తీసిన సినిమాల మీద మనకు కోపం ఉంది. తెలుగు సినిమాలో కోయవాడంటే నెమలీకలు పెట్టుకుని జోస్యం చెప్పే కోయదొర. లేకపోతే హీరోని కట్టేసి మంట చుట్టూ గంతులేసే గుంపు. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ వచ్చి కొమరం భీం పేరు దేశదేశాలకూ పోయింది, సంతోషమే. కానీ అది ఢిల్లీలో నడిచే కల్పిత కథ. జోడేఘాట్ పోరాటం అందులో వెతికితే దొరకదు. ఈ కోపం న్యాయమైందే. అయితే మేం డోలీ వీడియోలో చేసింది దీనికంటే ఎంత వేరు? బయటివాడు మనల్ని చూసి నవ్వుకున్నాడు, మేం మమ్మల్ని చూపించి ఏడిపించాం. రెండు చోట్లా ఆ అవ్వకు మాట్లాడే వంతు రాలేదు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ తీద్దామనుకున్నాం. ఎనిమిదిమందిమి. నవంబరులో కోతల పని కాస్త తగ్గాక, ఒక రాత్రి మంట చుట్టూ కూర్చున్నాం. విషయం ఏంటని అడిగితే అందరూ పెద్ద పెద్ద పేర్లు చెప్పారు. పోలవరం. పోడు పట్టాలు. 1/70. జీవో నంబర్ 3. ఇవన్నీ మన ప్రాణం మీది సంగతులే. కానీ అయిదారు నిమిషాల సినిమాలో పోలవరం పట్టదు. ఎక్కడ కెమెరా పెడతారు? ఎవరు నటిస్తారు? పడవ ఎవరిస్తారు? పెద్ద విషయం పట్టుకుంటే చివరికి ఒకరు కెమెరా ముందు నిలబడి ఉపన్యాసం ఇవ్వాల్సిందే. అదయితే ధర్నాలో ఇస్తున్నాం కదా.

అప్పుడు ఒక అక్క, డీఎడ్ చేసి ఉద్యోగం కోసం చూస్తున్నామె, ఒక పద్ధతి చెప్పింది. విషయాలు పక్కన పెట్టి, ఒక్కొక్కరం బడిలో మొదటి రోజుల గురించి ఏదో ఒకటి చెబుదాం అంది. మొదలుపెట్టింది కూడా తనే. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు దాహమేసి పంతులు దగ్గరికి పోయి “ఏరు” అందట. ఆయన “ఏటికి వద్దు, మునిగిపోతావ్, కూర్చో” అన్నాడట. మేమందరం పడీపడీ నవ్వాం. తనూ నవ్వింది. నవ్వి, “సాయంత్రం ఇంటికి పోయేదాకా తాగలేదు” అంది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

కోయ తెలియని మిత్రుల కోసం చెప్తాను. మన కోయలో ఏరు అంటే నీళ్ళు. గోండిలోనూ ఆ మాటే, పలుకు కాస్త మారుతుంది. తెలుగులో ఏరు అంటే పారే వాగు, నది. రెండు భాషలూ ఒకే కుటుంబం, రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చినవి. అందుకే పంతులుకు ఆ మాట అర్థమైనట్టే అనిపించింది. అసలు అర్థం కాకపోయి ఉంటే ఇంకొకరిని అడిగేవాడేమో. అర్థమైందనుకోవడం దగ్గరే పిల్ల దాహం ఆగిపోయింది.

ఇక జీవో నంబర్ 3. ఇక్కడున్న అందరికీ తెలిసిందే. 2000 జనవరి 10న వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని చెప్పింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. లాక్‌డౌన్ రోజులు, గట్టిగా రోడ్డెక్కే వీలు కూడా లేదు. అప్పటి నుంచి దాని గురించి ఎన్ని సభల్లో మాట్లాడానో నాకే లెక్క లేదు. ప్రతిసారీ ఉద్యోగాల గురించే మాట్లాడాను. ఎన్ని పోస్టులు పోతాయి, మనవాళ్ళెంతమంది నిరుద్యోగులవుతారు అని. అది తప్పు కాదు. కానీ కుర్చీలో కూర్చునే మనిషి గురించే మాట్లాడాను, కింద చాప మీద కూర్చునే పిల్ల గురించి మాట్లాడలేదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350-ఏ అధికరణంలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, గోండి, కొలామి, సవర, కువి లాంటి భాషల్లో వాచకాలు తయారుచేసి బడుల్లో పెట్టడం కూడా మొదలుపెట్టారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా, అక్క “ఏరు” అనేదాకా నాకు తట్టలేదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, విషయం నుంచి కథకు పోవద్దు. జరిగిన చిన్న సంగతి పట్టుకోండి. అది నిజమైందైతే విషయం దాని వెనకాలే నడిచి వస్తుంది. రాంచీలో మేఘనాథ్, బిజూ టోప్పో అని ఇద్దరు ‘అఖ్రా’ అనే బృందంగా ఏళ్ళ తరబడి డాక్యుమెంటరీలు తీస్తున్నారు. బిజూ టోప్పో కుడుఖ్ ఆదివాసి. కుడుఖ్ కూడా మన కోయలాగే ద్రావిడ భాష. గనులు, నిర్వాసితుల మీద అంత పని చేసినవాళ్ళు, ఒక్కో మొక్కే నాటే వరి సాగు మీద ‘ఏక్ రోపా ధాన్’ అని తీశారు. దానికి జాతీయ అవార్డు వచ్చింది. వరి నాటు మీద! మన ఊళ్ళల్లో అట్లాంటివి ఎన్ని లేవు?

కథ దొరికిన మర్నాడే తీసేద్దామన్నారు మావాళ్ళు. ఈసారి నేను ఒప్పుకోలేదు. ముందు ఒక కాగితం మీద మన దగ్గర ఏమున్నాయో రాసుకున్నాం. రెండు ఫోన్లు, ఒకటే బాగా తీస్తుంది. ఒక ట్రైపాడ్ కొనాలి. ఊళ్ళో తాటాకు పాక ఒకటి ఖాళీగా ఉంది, బడిలా వాడుకోవచ్చు. అసలు బడిలో తీయాలంటే అనుమతులు కావాలి, పిల్లల చదువు పాడవుతుంది, అందుకే అది వద్దనుకున్నాం. ఇట్లా ఉన్నవి రాసుకున్నాకే కథ రాయడానికి కూర్చున్నాం. వర్షంలో పిల్ల పరిగెత్తే సీను నాకు చాలా ఇష్టం. కానీ ఫిబ్రవరిలో వర్షం ఎవరు తెస్తారు?

మొదటి స్క్రిప్టు నేనే రాశాను. పద్నాలుగు పేజీలు. మామూలు లెక్కలో ఒక పేజీ ఒక నిమిషం. అందులో టీచర్ దుర్మార్గుడు. పిల్లని కొడతాడు, “అడవి జాతి” అని తిడతాడు. చివర్లో ఒక యువ నాయకుడు బడికి వచ్చి జీవో 3 గురించి రెండు పేజీలు మాట్లాడతాడు. ఆ యువ నాయకుడి వేషం ఎవరు వేయాలో నేను రాయలేదు గానీ అందరికీ అర్థమైంది. ఇప్పటికీ దాని గురించి నన్ను ఆడుకుంటారు.

అక్క ఒకే మాట అంది: “మా పంతులు నన్ను కొట్టలేదు. మంచోడే. నేను మునిగిపోతానని భయపడ్డాడు.” అంతే, నా దుర్మార్గుడు పోయాడు. మొదట్లో నాకు నచ్చలేదు. టీచర్ మంచివాడైతే పోరాటం ఎక్కడుంటుంది అని వాదించాను. ఆలోచించిన కొద్దీ ఇదే ఎక్కువ భయంగా అనిపించింది. కొట్టే పంతుల్ని మార్చమని అడగొచ్చు. ప్రేమగా “కూర్చో తల్లీ” అనే పంతులు దగ్గర పిల్ల దాహంతో కూర్చుంటే ఎవరి మీద ఫిర్యాదు చేస్తాం? మీరు రాసే కథలో దుర్మార్గుడు ఉంటే ఒకసారి తీసేసి చూడండి. కథ నిలబడితే ఆ దుర్మార్గుడు అక్కర్లేదు.

రెండో స్క్రిప్టు ఏడు పేజీలయింది. అందులో పిల్ల మూడుసార్లు అడుగుతుంది, మూడుసార్లూ కూర్చోమంటాడు, నాలుగోసారి అడగదు. ఆ మూగతనం మీద ముగుస్తుంది. మాకందరికీ కళ్ళు తడిశాయి, అయిపోయిందనుకున్నాం. అయినా డోలీ సంగతి గుర్తుండి, తీయకముందే ఊళ్ళో చదివి వినిపిద్దామని పెట్టుకున్నాం. కోయలోనే చదివాం. పాతికమంది దాకా వచ్చారు. అంతా విని ఒక చిన్నమ్మ లేచి, “అదేం పిల్లరా? దాహమేస్తే ఊరుకుంటదా? కుండ కనపడుతుంటే తనే లేచిపోయి తాగదా?” అంది. మిగతా ఆడవాళ్ళు అవునవునన్నారు. ఒకామె తన చిన్నప్పుడు అట్లాగే చేసి గోడకుర్చీ వేయించుకుందట.

మేం మళ్ళీ అదే తప్పు చేయబోయాం చూడండి. మళ్ళీ ఏడిపించడానికే రాశాం. మూడో స్క్రిప్టులో పిల్ల నాలుగోసారి అడగకుండా, టీచర్ బోర్డు మీద రాస్తుండగా లేచి, కుండ దగ్గరికి పోయి, చిప్పతో ముంచుకుని గటగటా తాగుతుంది. టీచర్ వెనక్కి తిరిగి చూస్తాడు. పిల్ల తాగడం ఆపదు. ఆయన మెల్లగా “ఏరు?” అంటాడు. ఆయన పలకడం విని క్లాసంతా నవ్వుతుంది. అంతవరకే. నాయకుడు లేడు, ఉపన్యాసం లేదు. ఆ ముగింపు మేం రాసింది కాదు, చిన్నమ్మ ఇచ్చింది. టైటిల్స్‌లో కథ కింద ఆమె పేరు వేశాం.

ఎప్పుడు తీయాలన్నది కూడా ఊరే చెప్తుంది. మార్చి వస్తే ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. ఆ రోజుల్లో తెల్లవారుజామున ఊళ్ళో ఎవరూ ఉండరు. సంత రోజు పని జరగదు. పండగ రోజులు ముట్టుకోవద్దు. సంక్రాంతి అయ్యాక, ఇప్పపువ్వు రాలకముందు మాకు దొరికిన సందు ఫిబ్రవరి మొదటి వారం. మూడు రోజులు. కాలేజీ సెలవులను బట్టి పెట్టుకుని ఉంటే ఖాళీ ఇళ్ళు తీసుకుని వచ్చేవాళ్ళం.

డబ్బుల గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. ఎనిమిదిమందిమి తలా 800 వేసుకున్నాం, 6,400. ట్రైపాడ్, రెండు కాలర్ మైకులు, ఆటో, బియ్యం, కూరలు. అన్నిటికంటే ముందు పక్కన పెట్టింది కూలి. పిల్ల వాళ్ళమ్మ మూడు రోజులు పని మానుకుని వచ్చి కెమెరా వెనక కూర్చుంది. ఆమెకు రోజు కూలి ఇచ్చాం. పాక ఇచ్చిన తాతకూ ఇచ్చాం. ‘మన కోసమే కదా, ఉచితంగా చేయరా’ అనే మాట మన ఉద్యమాల్లో చాలా ఎక్కువ. ఇంట్లో పొయ్యి వెలగాల్సిన మనిషిని ఆ మాట అడగకూడదు.

టీచర్ వేషానికి నాతోపాటు చదివిన ఖమ్మం మిత్రుడు వచ్చాడు. ఆదివాసి కాదు. “నన్ను విలన్ని చేస్తారేమో” అని భయపడుతూ వచ్చాడు. స్క్రిప్టు చదివాక ఇంకా ఎక్కువ భయపడ్డాడు. “విలన్ అయితేనే సులువుగా ఉండేది” అన్నాడు. అతనికి ముందుగా కోయ ఒక్క మాట కూడా నేర్పొద్దని నిర్ణయించుకున్నాం. చివరి సీనులో అతను “ఏరు” అన్నప్పుడు పిల్లలు నవ్వింది నటన కాదు.

పిల్లల విషయంలో చాలా జాగ్రత్త. మా పాపకు ఆరేళ్ళు. రోజుకు రెండు గంటలకు మించి తీయలేదు. డైలాగులు బట్టీ పెట్టించలేదు, ఏం జరుగుతుందో చెప్పి వదిలేశాం. మా బృందంలో ఒకడు “పొద్దుటి నుంచి నీళ్ళు ఇవ్వకపోతే నిజంగా దాహమేసి బాగా చేస్తది” అన్నాడు. ఎగతాళికే అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. వాణ్ణి కట్టెలు తెమ్మని పంపించేశాం. షాట్ల మధ్యలో ఆ పాప ఎన్ని నీళ్ళు తాగిందంటే, చివరి షాట్‌లో తాగినట్టు చేయడమే కష్టమైంది.

ఇప్పుడు కెమెరా సంగతి కొంచెం. రేపు వివరంగా చూద్దాం, ముఖ్యమైనవి మాత్రం చెప్తాను. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి షాట్ మధ్యలో ఎవరో ఒక మామ ఫోన్ చేస్తాడు. మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ అక్కడే ఆగుతాయి, లేకుంటే పిల్ల కదిలినప్పుడల్లా బొమ్మ వెలిగి ఆరుతుంది. బ్యూటీ మోడ్ ఉందేమో చూసి ఆపేయండి. కొన్ని ఫోన్లలో అది కొన్నప్పటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, మన మొహాలను తెల్లగా, నున్నగా చేసేస్తుంది. మొదటి రోజు తీసినదంతా చూసుకుంటే ఆ పాప మా పాపలా లేదు. సబ్బు ప్రకటనలో పిల్లలా ఉంది. సగం రోజు పని పోయింది.

పాకలో వెలుతురు పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా తలుపులోంచి బాగా పడుతుంది. ఆ సంగతి మేం వారం ముందే పోయి, రోజంతా కూర్చుని చూసుకుని రాసుకున్నాం. ఏ షాట్ ఎప్పుడు, ఎటు నుంచి అని ముప్పై రెండు షాట్లు కాగితం మీద గీసుకున్నాం. నా బొమ్మలు పుల్లలకు తలకాయలు పెట్టినట్టుంటాయి, అయినా పనికొచ్చాయి.

బొమ్మ కాస్త బాగా లేకపోయినా జనం చూస్తారు. మాట వినపడకపోతే లేచిపోతారు. కాలర్ మైకును రెండో ఫోనుకు పెట్టి, ఆ ఫోన్ పాప జేబులో పెట్టాం. ప్రతి షాట్ మొదట్లో చేత్తో ఒక చప్పట్టు కొడితే, తర్వాత బొమ్మనూ శబ్దాన్నీ అక్కడ కలుపుకోవచ్చు. కోళ్ళు, మేకల గంటలు, దూరంగా ఎవరో కట్టెలు కొట్టే చప్పుడు, ఇవన్నీ విడిగా పది నిమిషాలు రికార్డు చేసి పెట్టుకున్నాం. సినిమా పాటల సంగీతం ఎక్కడా పెట్టలేదు. రేల పాట పెడదామని ఒకరన్నారు. ఎందుకు, ఆ సీనులో ఎవరూ పాడటం లేదు కదా అని వదిలేశాం. మన సినిమా కదా అని ప్రతిదాంట్లో డోలు, కొమ్ములు పెట్టక్కర్లేదు.

ఎడిటింగ్ ఇరవై రోజులు పట్టింది. అదొక పెద్ద కథ, రేపు మధ్యాహ్నం చెప్పే అన్న వేరే ఉన్నాడు. సబ్‌టైటిల్స్ గురించి ఒక్క మాట. పిల్లలు మాట్లాడే కోయను తెలుగు లిపిలో కింద వేశాం, దాని కింద తెలుగు అర్థం వేశాం. కానీ పాప మొదటిసారి “ఏరు” అన్నప్పుడు అర్థం వేయలేదు. తెలుగువాళ్ళు కూడా టీచర్ లాగే వాగు అనుకోవాలి. కుండ దగ్గర గానీ వాళ్ళకు తెలియకూడదు.

సినిమా అయ్యాక ఎవరికి ముందు చూపించాలి? మేం ఊళ్ళో చూపించాం. దుప్పటి కట్టి, అరువు తెచ్చిన ప్రొజెక్టర్‌తో. ఆరు నిమిషాల సినిమాను ఆ రాత్రి అయిదుసార్లు వేయించుకున్నారు. చివరికి పెద్దలు ఒక షాట్ తీసేయమన్నారు. పాప బడికి నడిచి వచ్చే దారిలో, సాయంత్రపు ఎండలో ఒక పెద్ద చెట్టు. అది వేల్పుల చోటు. మాకు తెలియక కాదు, బాగుందని తీశాం, ఎవరూ గమనించరనుకున్నాం. మొత్తం సినిమాలో అదే అందమైన షాట్. తీసేశాం. 1996 పెసా చట్టంలో తన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని మనం ప్రభుత్వానికి రోజూ గుర్తుచేస్తాం. ఆ చట్టం మా కెమెరాకు వర్తించదా? బయట పెట్టుకోవచ్చని ఊరు చెప్పాకే పెట్టాం. పాప వాళ్ళ నాన్నను విడిగా ఇంకోసారి అడిగాం.

చూపించడాన్ని కూడా మొదటి నుంచే ప్లాన్‌లో రాసుకోండి. అల్లాణి శ్రీధర్ గారు ‘కొమరం భీం’ సినిమా తీసింది 1990 ప్రాంతంలో. థియేటర్లకు వచ్చింది 2010లో. అంత పెద్ద పనికే ఇరవై ఏళ్ళు పట్టింది. ఫోన్లో పెట్టేస్తే అయిపోదు. మేం పది ఊళ్ళు, రెండు హాస్టళ్ళు, ఒక టీచర్ల సమావేశం అని ముందే రాసుకున్నాం. ఇప్పటికి ఏడు ఊళ్ళయ్యాయి. టీచర్ల సమావేశంలో చూపించినప్పుడు మైదానం నుంచి వచ్చి పనిచేస్తున్న ఒక సార్, కొత్తగా చేరినాయన, బయటికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. వాదన పెట్టుకుంటాడనుకున్నాను. “బయటికి పోవాలంటే ఏమంటారు? కడుపు నొప్పి అంటే ఏమంటారు?” అని అడిగి చేతి మీద రాసుకున్నాడు. నాకు సంతోషం వేసింది, చేదుగానూ అనిపించింది. ఆయన పక్కనే డీఎడ్ చేసిన మా అక్క నిలబడి ఉంది. ఆ మాటలన్నీ పుట్టినప్పటి నుంచి వచ్చిన మనిషి. ఇప్పటికీ ఉద్యోగం రాలేదు.

డోలీ అవ్వకు కూడా చూపించాం. ఆమె మనవడే తన ఫోన్లో పెట్టి చూపించాడు. ఆమెకు పాప కంటే టీచర్ నచ్చాడు. “ఆ పిల్లోడు పాపం, ఏం తింటున్నడో ఒక్కడే” అంది. సినిమాలో టీచర్ తినే సీను లేనేలేదు.

సరే. అన్నం వేళ అవుతోంది. తిని వచ్చాక అయిదుగురు అయిదుగురుగా కూర్చుందాం. ఒక్కో గుంపులో వేర్వేరు ఊళ్ళవాళ్ళుండండి, ఒకే ఊరివాళ్ళు ఒకేచోట కూర్చోవద్దు. ఒక్కొక్కరు మీ బడిలోనో, సంతలోనో, బస్సులోనో, ఆఫీసు కిటికీ ముందో జరిగిన ఒక సంగతి చెప్పండి. మీకు జరిగినదే చెప్పాలి, విన్నది వద్దు. మూడు నిమిషాలకు మించొద్దు. విన్నవాళ్ళు నవ్విన చోటా, నవ్వు ఆపేసిన చోటా పెన్నుతో గుర్తు పెట్టుకోండి. సాయంత్రం ఆ గుర్తులే చదువుకుందాం. ఫోన్లు సంచుల్లోనే.